రన్‌వే దాటిన విమానానికి అడ్డేది: ఖాళీ నేలా, నురుగు సిమెంటు దిమ్మెలా?

వరంగల్ మామునూరు పాత విమానాశ్రయాన్ని మళ్లీ తెరుస్తున్నప్పుడు, రన్‌వే చివర ఏముండాలన్నది ముందే తేల్చుకోవాలి.

మొదటిది రెసా, అంటే రన్‌వే చివరి భద్రతా ప్రాంతం (రన్‌వే ఎండ్ సేఫ్టీ ఏరియా). రన్‌వే చివర 60 మీటర్ల స్ట్రిప్ (రన్‌వే చుట్టూ ఉంచే చదును పట్టీ), ఆపైన చదును చేసిన ఖాళీ నేల. పెద్ద జెట్లకు కనీసం 90 మీటర్లు, సిఫారసు 240. విమానం పొట్ట మీద జారుతూ వచ్చినా, రన్‌వేకి ముందే నేల తాకినా ఇది ఆదుకుంటుంది. రేగడి నేలైతే నీళ్లు నిలవకుండా వాలు, గట్టి రోలింగ్ తప్పవు. లేకుంటే వానాకాలంలో ఫైరింజనే దిగబడుతుంది.

రెండోది ఎమాస్, అంటే రన్‌వే దాటిన విమానాన్ని ఆపే దిమ్మెల పరుపు. నురుగు సిమెంటు దిమ్మెలు చక్రాల కింద అప్పడాల్లా నలిగి వేగాన్ని మింగేస్తాయి. సాధారణంగా 70 నాట్ల వేగాన్ని, అంటే గంటకు సుమారు 130 కి.మీ.ను లెక్కలో పెట్టుకుని డిజైన్ చేస్తారు. చక్రాలు దిగబడితేనే పని; పొట్ట మీద జారితే అంత పట్టు దొరకదు. నలిగిన దిమ్మెలు మార్చాలి, ఖర్చు అక్కడుంది.

లోయ అంచు టేబుల్‌టాప్ రన్‌వేలకు ఎమాసే నయం. 2010లో మంగళూరులో విమానం దాదాపు 1,600 మీటర్లు దాటాక నేల తాకింది; రన్‌వే 2,450 మీటర్లే. 158 మంది చనిపోయారు. మామునూరులో మాత్రం భూసేకరణలోనే రెండు చివర్లా 240 మీటర్లు పట్టుకోవడం తెలివి. ఏది పెట్టినా వెనక కాంక్రీటు గట్టు కట్టొద్దు. 2024లో దక్షిణ కొరియాలోని ముయాన్‌లో విమానం ఢీకొన్నది అలాంటి గట్టునే.