షాంఘై అద్దె సైకిల్, రెండేళ్ళ తర్వాత: దిగిన చోటే వదిలేసి వెళ్ళిపోవచ్చు

షాంఘైకి మారి రెండేళ్ళు దాటింది. ఉండేది హువాంగ్‌పూ నదికి తూర్పు వైపు, పుడోంగ్‌లోని జాంగ్‌జియాంగ్‌లో. 1992లో హైటెక్ పార్కుగా మొదలైన ప్రాంతం. చిప్‌లు, మందులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు అడుగడుగునా ఉంటాయి. ఈ రెండేళ్ళలో నాకు ఇక్కడ అన్నిటికన్నా మేలు చేసిన వస్తువు ఏదంటే, నాది కాని ఒక సైకిల్, వీధిలో ఫోన్‌తో తాళం తీసి తొక్కుకునే అద్దె సైకిల్.

స్కాన్ చేస్తే తాళం తెరుచుకోవడం, నెల కార్డు తీసుకోవడం లాంటివి చైనా వచ్చినవాళ్ళందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: ఈ సైకిల్‌ని తీసుకున్న చోటికి మళ్ళీ తీసుకురానక్కర్లేదు. సొంత సైకిల్ అయితే ఎంత దూరం పోయినా మళ్ళీ దాని దగ్గరికే నడిచి రావాలి. దీన్ని సైకిళ్ళు ఆపడానికి రోడ్డు పక్కన గీతలు గీసిన ఒక గడిలో పెట్టేసి, కాలవ గట్టు నచ్చితే గట్టు వెంట, సందు నచ్చితే సందులోకి నడిచిపోవచ్చు. కాళ్ళు నొప్పి పుట్టినచోట ఇంకొకటి దొరుకుతుంది. కొత్త పేట తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

మొదటి నెలంతా అలాగే తిరిగాను. జాంగ్‌జియాంగ్ వీధులకి శాస్త్రవేత్తల పేర్లు పెట్టారు. కాగితం తయారీకి పేరుపడ్డ త్సాయ్ లున్ పేరుతో ఒక రోడ్డు, అచ్చు అక్షరాలు కనిపెట్టిన బీ షెంగ్ పేరుతో ఒకటి, క్రీ.శ. 132లో భూకంపాన్ని పసిగట్టే పరికరం చేసిన జాంగ్ హెంగ్ పేరుతో ఇంకొకటి. న్యూటన్, డార్విన్, క్యూరీ, హేలీ రోడ్లు కూడా ఉన్నాయి, కానీ చైనా ఉచ్చారణలో వింటే పోల్చుకోలేం. న్యూటన్ ఇక్కడ 'న్యూదున్', డార్విన్ 'దాఅర్‌వెన్'. జాంగ్ హెంగ్ రోడ్డులోనే సింక్రోట్రాన్ కేంద్రం ఉంది, ఎలక్ట్రాన్లని మహావేగంతో తిప్పి పరిశోధనకి బలమైన ఎక్స్-రేలు పుట్టించే చోటు. దాని కప్పు పెద్ద శంఖాన్ని బోర్లించినట్టు ఉంటుంది. కారులో పోతే అది కంటికి ఆనేలోపే దాటిపోతుంది.

జూ చోంగ్‌జీ రోడ్డు మీద మాత్రం సైకిల్ దిగి నిలబడిపోయాను. వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే పై (π) విలువ 3.1415926కీ 3.1415927కీ మధ్య ఉంటుందని అయిదో శతాబ్దంలోనే లెక్క తేల్చినవాడు జూ చోంగ్‌జీ. మన ఆర్యభటుడు 3.1416 అని చెప్పింది 499లో. ఇద్దరూ ఒకే కాలంలో బతికి ఉన్నవాళ్ళు, ఒకరి గురించి ఒకరు వినే దారి లేదు. బోర్డు ఫోటో తీసి నాన్నకి పంపాను. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. "355 బై 113 ఆయనదేరా, నువ్వు నిలబడ్డది మంచి చోటే" అని జవాబు పెట్టారు. పై విలువకి బాగా దగ్గరగా వచ్చే భిన్నం అది. ఊరు వదిలి వచ్చాక ఆ రోజు మొదటిసారి మనసు కుదుటపడింది.

ఇక సైకిల్ మొరాయించిన సంగతి. షాంఘైలో జూన్ మధ్య నుంచి కొన్ని వారాల పాటు ముసురు పడుతుంది. ప్లమ్ కాయలు పండే కాలం కాబట్టి దాన్ని 'మేయ్‌యూ' అంటారు, ప్లమ్ వాన అని. అలాంటి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి తెలియని దారిన బయల్దేరి, ఒక పాత అపార్ట్‌మెంట్ల గేటు పక్కన గడిలో సైకిల్ ఆపాను. వెనక చక్రం మీద తాళం పిడి కిందికి లాగితే టక్‌మని పడాలి. సగం దాకా వచ్చి ఆగిపోయింది. పైకి లాగి మళ్ళీ నొక్కాను, గట్టిగా గుద్దాను, ఊహూఁ. తాళం పడితే తప్ప ప్రయాణం ముగియదు, లెక్క నడుస్తూనే ఉంటుంది. యాప్‌లో సాయం అడిగే పేజీ మొత్తం చైనీస్‌లో ఉంది. కంపెనీ పేరు చెప్పను కానీ, ఇంతమంది బయటివాళ్ళు పనిచేసే చోట ఆ ఒక్క పేజీ అయినా ఇంకో భాషలో పెట్టకపోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఫోన్ బ్యాటరీ 4 శాతం. ఇక్కడ ఫోన్ ఆగిందంటే మెట్రో టికెట్, తిండి, అనువాదం, ఇంటి దారి అన్నీ ఆగినట్టే. పైగా వాన. నిజంగా టెన్షన్ పడ్డాను.

గేటు గదిలోంచి కాపలా పెద్దాయన గొడుగుతో వచ్చారు. ఏవో అడిగారు, నాకు 'షియా యూ', అంటే వాన పడుతోంది, అన్న మాటొక్కటే అర్థమైంది. ఆయన వంగి తాళాన్ని చూసి, దాన్ని ముట్టుకోకుండా చక్రాన్ని ఒక వేలు వెడల్పు ముందుకి తిప్పారు. పిడి లాగితే టక్‌మని పడింది. తాళం కడ్డీ వచ్చి చక్రం చువ్వకి తగిలి ఆగిపోతోంది, అంతే. ఎంత గుద్దినా చువ్వ అడ్డం తప్పుకోదు కదా. ఇది ఏ సూచనల్లోనూ నాకు కనబడలేదు. మీకూ ఎప్పుడైనా ఇలా జరిగితే ముందు చక్రం తిప్పి చూడండి.

అయినా ఫోన్‌లో ప్రయాణం ముగియలేదు. ఆయన నన్ను గదిలోకి పిలిచి ఫోన్ చార్జింగ్ పెట్టారు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చారు. ఫోన్ కాస్త తేరుకున్నాక తానే యాప్ తీసి, తాళం వేశాక కూడా లెక్క నడుస్తోందని చెప్పే మీట వెతికి నొక్కారు. ఎక్కువ పడ్డ డబ్బు మర్నాడు వెనక్కి వచ్చింది. డ్రైవర్లని, మెకానిక్‌లని, ఇలాంటి పెద్దవాళ్ళని ఇక్కడ 'షిఫు' అంటారు, మనం మేస్త్రీ అన్నట్టు. నేను అప్పటినుంచి ఆయన్ని షిఫు అనే పిలుస్తున్నాను.

అనువాదం యాప్ మధ్యలో పెట్టుకుని అరగంట మాట్లాడుకున్నాం. ఏం తింటావని అడిగారు. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ కూరలు కొంటున్నానంటే ఆయనకి నచ్చలేదు. కాగితం మీద కాలవ, వంతెన, మలుపు గీసి ఇచ్చారు. ఆ శనివారం పొద్దున్నే రెండు సైకిళ్ళు మారి, ఆఖరి ముక్క నడిచి, ఆ గీత చివరికి చేరాను. కూరగాయల మార్కెట్. ఇంట్లోంచి చూస్తే రెండు కిలోమీటర్లు లేదు, మూడు నెలలుగా నాకు దాని ఊసే తెలియదు. అక్కడ తోటకూర చూశాను, ఆకు మధ్యలో ఎర్రగా. బచ్చలి, నేతిబీర, తూటికూర కూడా. కరివేపాకు లేదు, అది వేరే బాధ. ధర జిన్ లెక్కన చెబుతారు, జిన్ అంటే అరకిలో. కిలో ధర అనుకుని డబ్బు తక్కువ కట్టబోతే, కూరలమ్మే ఆవిడ నవ్వి తూకం చూపించింది. ఆ రాత్రి బచ్చలికూర పప్పు. అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

సైకిల్ సరిగ్గా పనిచేసి ఉంటే ఆ గేటు ముందు నేను ఒక్క నిమిషం కూడా ఆగేవాణ్ణి కాదు. అందుకే దాని మీద కోపం నిలవలేదు.

మొదట్లో ఇంటికి ఫోన్ చేసి, సైకిల్ ఉంటే చాలు ఊరంతా మనదే అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత మాట అనను. ఎక్కడైనా వదిలేయొచ్చు అన్నాను కానీ, అది గడి ఉన్నచోటే. గడి దాటి పెడితే అదనపు డబ్బు పడుతుంది, ఆ గడి కోసం నచ్చిన చోటు దాటి ముందుకి పోవాల్సి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకి మెట్రో బయట గుట్టలుగా ఉంటాయి, ఇళ్ళ దగ్గర ఒక్కటీ ఉండదు. దొరికిన దానికి బ్రేకు వదులు, లేదంటే సీటు పైకి రాదు. ఎక్కే ముందు ఒకసారి బ్రేకు నొక్కి చూడటం నాకు అలవాటైంది. జులై ఎండలో మాత్రం నేను అసలు ఎక్కను.

అన్నిటికన్నా పెద్ద మార్పు, మా ఆవిడా పాపా వచ్చాక జరిగింది. పాపకి ఆరేళ్ళు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఇక్కడ రోడ్డు మీద సైకిల్ తొక్కకూడదు, అద్దె సైకిల్‌కి పిల్లల సీటూ లేదు. కాబట్టి ఆదివారాలు మేము ముగ్గురం నడకే. నడిస్తే ఇంకా చిన్న చిన్నవి కనిపిస్తాయి, అదీ ఒప్పుకోవాలి. బచ్చలి దొరికే మార్కెట్‌కి ఇప్పుడు మా ఆవిడ బస్సులో వెళ్తుంది, బేరం నాకన్నా బాగా ఆడుతుంది.

ఒంటరిగా వచ్చి, ఆఫీసు మూడు నాలుగు కిలోమీటర్లలో ఉండి, జాంగ్‌జియాంగ్‌లా నేల చదునుగా, రోడ్లు వెడల్పుగా ఉన్న చోట దిగినవాళ్ళయితే మొదటి వారమే నెల కార్డు తీసుకోండి. కొండల మీద కట్టిన చోంగ్‌చింగ్ లాంటి ఊరికి వెళ్తున్నవాళ్ళకి నా మాట పనికిరాదు. చిన్నపిల్లలతో వస్తున్నవాళ్ళు ముందు మెట్రోకి దగ్గరగా ఇల్లు చూసుకోండి, సైకిల్ సంగతి తర్వాత. నేను మాత్రం ఈ నెల కూడా కార్డు కట్టాను. షిఫు డ్యూటీ సాయంత్రాలకి మారింది, తోటకూర పులుసు ఒక డబ్బాలో పెట్టుకుని రేపు అటే వెళ్తున్నాను.