స్విచ్ 2: రాగానే కొనడమా, ఆగడమా? ఏది మేలు?

చేత్తో పట్టుకుని గానీ టీవీకి తగిలించి గానీ ఆడుకునే గేమ్ కన్సోల్ నింటెండో స్విచ్ 2 విడుదలైంది 2025 జూన్ 5న. నాలుగు రోజుల్లోనే ప్రపంచమంతా కలిపి 35 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ వార్త చూసి హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు: "మామయ్యా, ఇప్పుడే తెప్పించుకోనా, ఆగనా?" వాడి దగ్గర పాత స్విచ్ ఉంది.

ఆగమనేవాళ్లు ముందుగా చెప్పేది రేటు తగ్గుతుందని. ఇదే కంపెనీ పాత చేతి కన్సోల్ 3డీఎస్ విషయంలో అలాగే జరిగింది. 2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్‌లకు వచ్చి, ఆగస్టుకల్లా 15,000కు దిగింది. ముందే కొన్నవాళ్లకు 20 పాత గేమ్‌లు ఉచితంగా ఇచ్చారు. కానీ అప్పట్లో అమ్మకాలు మందగించాయి కాబట్టి తగ్గించారు. బాగా అమ్ముడుపోయేదానికి ఎవరు తగ్గిస్తారు? 2017 మార్చిలో అమెరికాలో 300 డాలర్లకు వచ్చిన మొదటి స్విచ్, 2025 ఆగస్టులో 340 డాలర్లయింది. అందుకే రేటు కోసం ఆగమని నేను ఎవరికీ చెప్పను.

ఆగితే నిజంగా కలిసొచ్చేది బ్యాటరీ. మొదటి స్విచ్ ఒక చార్జింగ్‌తో రెండున్నర నుంచి ఆరున్నర గంటలు నడిచేది. 2019లో అదే ధరకు వచ్చిన మోడల్ నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు ఇచ్చింది. 2021లో రంగులు మెరుగ్గా కనిపించే ఓఎల్ఈడీ స్క్రీన్ మోడల్ వచ్చింది, దానికి మాత్రం 50 డాలర్లు ఎక్కువ. ఇప్పుడు స్విచ్ 2కి కంపెనీ చెబుతున్నది రెండు నుంచి ఆరున్నర గంటలు, స్క్రీన్ మళ్లీ పాతరకం ఎల్‌సీడీ. పెద్ద గేమ్ పెట్టుకుని బస్సెక్కితే విజయవాడ చేరకముందే చార్జర్ వెతుక్కోవాలి. చేత్తో పట్టుకుని ఆడే వస్తువుకు ఇది చిన్న లోటు కాదు.

మొదట్లోనే కొనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఒక్కటే, గేమ్. కార్ల రేసు గేమ్ మారియో కార్ట్ వరల్డ్ పాత స్విచ్‌లో ఆడదు. అది కావాల్సిందే అనుకునేవాళ్లకు విడుదలప్పుడు కన్సోల్, గేమ్ కలిపి 500 డాలర్లకు వచ్చిన ప్యాక్ మంచి బేరమే. విడిగా అయితే అప్పట్లో కన్సోల్ 450, గేమ్ 80. అసలు స్విచ్ అనేదే లేని ఇంట్లో ఇంకా మేలు. పాత గేమ్‌లు చాలావరకు ఇందులోనూ ఆడతాయి కాబట్టి, ఎనిమిదేళ్ల గేమ్‌లు ఒక్కసారిగా చేతికొస్తాయి.

పాత స్విచ్ ఉన్నవాళ్లకు ఆ లాభం లేదు. పైగా పాత మెమరీ కార్డులో స్విచ్ 2 గేమ్‌లు దాచుకోవడం కుదరదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్తరకం వేగమైన కార్డు కొనాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. నింటెండో భారత్‌లో నేరుగా అమ్మదు. ఎవరో అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చినదానికి రిపేరు వస్తే మళ్లీ అక్కడికే పంపాలి. కొత్త వస్తువులో లోపాలు బయటపడేది మొదటి నెలల్లోనే కదా. జపాన్‌లో విడుదలప్పుడు 49,980 యెన్‌లకే వచ్చిన మోడల్‌ను చవకని తెప్పించుకునేవాళ్లూ జాగ్రత్త: అది జపనీస్ భాషలో మాత్రమే పనిచేస్తుంది. వేరే భాషలున్నది అప్పట్లో 69,980 యెన్‌లు.

మా వాడి స్విచ్‌లో సగంలో వదిలేసిన గేమ్‌లే ఆరున్నాయి. వచ్చే వేసవి సెలవులకు అక్కావాళ్లు ఎలాగూ ఇక్కడికి వస్తున్నారు. అప్పుడు షాపుకు తీసుకెళ్తానని, చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోమని చెప్పాను.