వీపుకి అంటించుకునే పోశ్చర్ సెన్సర్, వాడాక నా రివ్యూ

మెడ కింద, రెండు రెక్కల మధ్య అంటించుకోవాలి ఈ చిన్న బిళ్ళని, నిటారుగా కూర్చుని బటన్ నొక్కితే ఆ పొజిషన్ గుర్తు పెట్టుకుంటది, తర్వాత మనం ముందుకి వాలిపోతే జుయ్‌మని వైబ్రేట్ అవుద్ది, అంతే దీని పని. నాకు నచ్చిందేంటంటే పోశ్చర్ బెల్టులాగా భుజాలు వెనక్కి లాగి పట్టుకోదు, చెప్పి వదిలేస్తది, సరిచేసుకోవాల్సింది మన కండరాలే. అసలు ఒళ్ళు ఏ వంపులో ఉందో మెదడుకి చెప్పే నరాల ఏర్పాటు మన కండరాల్లో, కీళ్ళలో ఎప్పుడూ ఉంటది, కాకపోతే స్క్రీన్‌లో మునిగిపోయాక దాని గోల ఎవడు వింటాడు! కొన్నాళ్ళు వాడాక బిళ్ళ వణక్కముందే "ఆ, గడ్డం ముందుకెళ్తోంది" అని నాకే తెలియడం మొదలైంది, పెట్టిన డబ్బులకి దక్కింది అదే.

మైనస్‌లకొస్తే, షూ లేసు కట్టుకోడానికి వంగినా మోగుద్ది, పాపం దానికి తేడా తెలీదు, వంగాక ఎంతసేపటికి మోగాలో ఆ డిలే కొంచెం ఎక్కువ పెట్టుకోండి. చెమట పడితే జిగురు ఊడిపోద్ది, సున్నితమైన చర్మమైతే దురద కూడా. రోజంతా ఉంచుకుంటే ఆ వణుకు కూడా చేతి వాచీలాగా అలవాటైపోయి పట్టించుకోం, అందుకే కాసేపు పెట్టుకుని, తీసేసి, బిళ్ళ లేకుండా కూర్చుని చూస్కోండి. ఇంకోటి, ఇది చూసేది పైవీపు వంపు ఒక్కటే, నడుము కిందకి జారిపోయి కూర్చున్నా, ఒక తుంటి మీదే బరువేసినా కిక్కురుమనదు. కదలకుండా గంటలు గంటలు నిటారుగా కూర్చున్నా ఏమీ అనదు, అదీ మంచిది కాదు కదా, లేచి తిరగమని చెప్పే ఆప్షన్ ఉంటే బాగుండేది. చేతులు తిమ్మిర్లెక్కుతుంటే మాత్రం ఇది కొనకండి, ముందు డాక్టర్‌కి చూపించుకోండి.