సంసద్ టీవీ: చేతిలో కాగితాలుంటేనే పనికొచ్చే చానల్

పార్లమెంటు ఉభయ సభల్నీ యాంకర్ అరుపులు లేకుండా, బ్రేకులు లేకుండా పొద్దున 11 నుంచి సాయంత్రం దాకా చూపించే చానల్ ఇది. చూస్తున్నదేమిటో ప్రేక్షకుడికి చెప్పాలన్న ధ్యాస ఇంత తక్కువగా ఉన్న చానల్ కూడా ఇదే. ఈ రెండో మాట దగ్గరే చాలామంది పది నిమిషాలకు విసుగొచ్చి రిమోట్ నొక్కేస్తారు. తప్పు వాళ్లది కాదు. సభ కాగితాల మీద నడుస్తుంది. ఆ కాగితాలు సభ్యుల బల్లల మీద ఉంటాయి, మన దగ్గర ఉండవు.

ముందు పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. రాష్ట్రపతి ప్రసంగం మొదటిసారి టీవీలో వచ్చింది 1989 డిసెంబరు 20న. ప్రశ్నోత్తరాల ప్రత్యక్ష ప్రసారం 1994 చివర్లో మొదలైంది. లోక్‌సభ టీవీ 2006లో, రాజ్యసభ టీవీ 2011లో వచ్చాయి. ఈ రెంటినీ కలిపేసి 2021 సెప్టెంబరు 15న సంసద్ టీవీగా ప్రారంభించారు. సమావేశాల రోజుల్లో సంసద్ టీవీ 1లో లోక్‌సభ, 2లో రాజ్యసభ వస్తాయి. డీడీ ఫ్రీ డిష్‌లో, యూట్యూబ్‌లో ఉచితం. డబ్బు సంగతిలో వంక పెట్టడానికేమీ లేదు.

చూడ్డం మొదలుపెట్టే ముందు సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లోంచి రెండు దించుకోవాలి. ఒకటి ఆ రోజు సభా కార్యక్రమాల జాబితా, అంటే లిస్ట్ ఆఫ్ బిజినెస్. రెండోది ప్రశ్నల జాబితా. ఈ రెండోది లేకుండా ప్రశ్నోత్తరాల సమయం చూస్తే ఏమవుతుందో చెబుతాను. సభాపతి ప్రశ్న నంబరు, సభ్యుడి పేరు పిలుస్తారు. మంత్రి లేచి ‘సమాధానాన్ని సభ ముందు ఉంచుతున్నాను’ అని కూర్చుంటారు. అంతే. ప్రశ్న ఏమిటో ఎవరూ చదవరు, జవాబు ఏమిటో ఎవరూ చెప్పరు, ఎందుకంటే రెండూ అప్పటికే అచ్చై ఉన్నాయి. మనకు వినిపించేవి అనుబంధ ప్రశ్నలు, అంటే ఆ జవాబు మీద అడిగే కొసరు ప్రశ్నలు మాత్రమే. అదేదో సినిమాకు ఇంటర్వెల్ తర్వాత వెళ్లినట్టుంటుంది. తెర కింద ప్రశ్న సారాంశం రెండు వరుసల్లో వేస్తే ఈ బాధ సగం తీరిపోయేది. సభ్యుడి పేరు, పార్టీ, నియోజకవర్గం చక్కగా వేస్తారు, విషయం దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కతో సరిపెడతారు.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, రాజ్యసభలో 15. వీటికే నోటి జవాబు. ఇరవైలో అయిదారు దాటి ముందుకు పోవడం అరుదు కాబట్టి మీకు కావలసిన ప్రశ్న జాబితాలో 14వదైతే దాని కోసం టీవీ ముందు కూర్చోకండి. రాతపూర్వక జవాబు ఆ రోజే సైట్‌లోకి వస్తుంది. నక్షత్ర గుర్తు లేనివి, అంటే రాత జవాబు మాత్రమే వచ్చేవి, లోక్‌సభలో 230, రాజ్యసభలో 160. అసలు లెక్కలన్నీ ఉండేది వాటి జవాబుల్లోనే. మీ జిల్లా రైల్వే పని ఎంతవరకు వచ్చింది, ఏ పథకానికి ఎంత విడుదలైంది లాంటివి తెర మీద కనబడవు, పీడీఎఫ్‌లో దొరుకుతాయి.

రెండు సభల టైమింగులు వేరు. లోక్‌సభలో 11 నుంచి 12 వరకు ప్రశ్నలు, ఆ తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే సమయం. రాజ్యసభలో తిరగేసి ఉంటుంది. 11కి పత్రాల సమర్పణ, జీరో అవర్, ప్రశ్నలు 12కి. కాబట్టి ఓపికున్నవాళ్లు 11కి ఒకటో చానల్, 12కి రెండో చానల్ చూస్తే రెండు సభల ప్రశ్నోత్తరాలూ పూర్తిగా అందుతాయి.

‘మా ఎంపీ మైకు కట్ చేశారు’ అంటూ వాట్సాప్‌లో తిరిగే క్లిప్పుల గురించి ఒక మాట. మైకు సభ్యుడి చేతిలో ఉండదు. సభాపతి పేరు పిలిస్తే కంట్రోల్ రూమ్‌లో ఆ సీటు మైకు తెరుస్తారు. రాజ్యసభ జీరో అవర్‌లో మనిషికి మూడు నిమిషాలు, అది కాగానే దానంతటదే ఆగిపోతుంది. వేరే సభ్యుడి సీటు దగ్గర నిలబడి మాట్లాడితే మైకు అందదు. ‘ఏదీ రికార్డులోకి వెళ్లదు’ అని సభాపతి అన్నాక కూడా అంతే, పెదాలు కదులుతుంటాయి, మాట వినబడదు. నిజంగా గొంతు నొక్కిన సందర్భాలూ ఉండొచ్చు. క్లిప్పు చూసి తేల్చడం మాత్రం కుదరదు, అంతకు ముందరి రెండు నిమిషాలు చూస్తేనే తెలుస్తుంది.

కెమెరా సంగతి ఇంకా ముఖ్యం. చిత్రీకరణ పార్లమెంటు సొంత వ్యవస్థ చేతిలో ఉంది. ప్రైవేటు న్యూస్ చానళ్లు సభ లోపలి దృశ్యం ఏది చూపినా అది ఇక్కడి నుంచి తీసుకున్నదే. వెల్‌లోకి, అంటే సభాపతి పీఠం ముందున్న ఖాళీ జాగాలోకి సభ్యులు దూసుకొచ్చి ప్లకార్డులు ఎత్తగానే దృశ్యం సభాపతి మీద బిగుసుకుంటుంది. నినాదాలు వినిపిస్తాయి, అరుస్తున్నదెవరో కనబడదు. సభ గౌరవం కోసం అంటారు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది, కెమెరా ఉందని తెలిస్తే గొడవ పెరుగుతుంది. కానీ ఓటరుకు తన ప్రతినిధి ఆ నిమిషంలో సీట్లో ఉన్నాడో వెల్‌లో ఉన్నాడో తెలియాలి కదా. ఈ విషయంలో చానల్‌కు తక్కువ మార్కులే వేయాలి.

తెలుగువాళ్లకు దీని చరిత్రలో మరిచిపోలేని రోజు 2014 ఫిబ్రవరి 18. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుపై లోక్‌సభలో చర్చ, మూజువాణి ఓటు జరుగుతుండగా ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. రెండు ప్రాంతాల జనం టీవీల ముందు కూర్చున్న గంటలో తెర మూగబోవడమంటే, అప్పటికి లోక్‌సభ టీవీ పుట్టి ఎనిమిదేళ్లైనా కాలేదు, దాని పరువు పోవడానికి అది చాలు. ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు తెలుసుకోవాలంటే ముద్రిత చర్చల పాఠం తిరగేయాలి.

బిల్లులు ఆమోదం పొందే ఘట్టం చూడాలంటే బిల్లు ప్రతి దగ్గర పెట్టుకోండి. చివరి పేజీల్లో ‘ఉద్దేశాలు, కారణాల ప్రకటన’ ఉంటుంది, ముందు అది చదవండి. మంత్రి బిల్లును పరిశీలనకు తీసుకోవాలని ప్రతిపాదిస్తారు, చర్చ, మంత్రి జవాబు, ఆపైన క్లాజులు. ఈ క్లాజుల దగ్గరే దారి తప్పుతారు. ‘2 నుంచి 15 క్లాజులు బిల్లులో భాగం కావాలన్నది ప్రతిపాదన’ అంటారు, అనుకూలురు, వ్యతిరేకులు అని రెండు కేకలు, అయిపోతుంది. సవరణల జాబితా చేతిలో లేకపోతే ఏ సవరణ వీగిపోయిందో బొత్తిగా తెలియదు. తెర మీద క్లాజు నంబరు వేయడం పెద్ద పనేం కాదు. ఎందుకు వేయరో!

ఎవరైనా డివిజన్, అంటే కేకలతో కాకుండా ఓట్లు లెక్కపెట్టడం అడిగితే మాత్రం నింపాదిగా చూడండి. మూడున్నర నిమిషాలు గంటలు మోగుతాయి, లాబీలు ఖాళీ చేయిస్తారు, తలుపులు మూస్తారు, ఆ తర్వాత మీటలు. బోర్డు మీద అంకెలు రాగానే సభాపతి ‘దిద్దుబాట్లకు లోబడి’ అంటారు. ఆ రెండు మాటలు వినకుండా స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు చాలామంది. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు యంత్రం చూపింది 220, 149. చీటీలతో వేసిన ఓట్లు, దిద్దుబాట్లు కలిపాక తుది లెక్క 269, 198. ఫలితం మారలేదు గానీ మొదటి అంకెనే పట్టుకున్నవాళ్లు సుమారు వంద ఓట్లు మింగేసినట్టే. మహిళా రిజర్వేషన్ బిల్లుకు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో పడిన 454, 2 ఓట్లు పూర్తిగా చీటీల మీదే నడిచాయి, లెక్కకు సమయం పట్టడం కూడా ప్రసారంలో కనిపించింది.

పాత చర్చ వెతికి పట్టుకోవడం ఇంకో విద్య. యూట్యూబ్‌లో ఎంపీ పేరుతో చిన్న ముక్కలు దొరుకుతాయి. అవి లేనప్పుడు రోజంతటి వీడియోలో వెతకాల్సిందే. గుడ్డిగా ముందుకీ వెనక్కీ జరపకండి. లోక్‌సభ సరిదిద్దని చర్చల పాఠం తెరిస్తే అయిదేసి నిమిషాలకొకసారి 1435/ఆర్‌కే/ఎస్‌ఎం లాంటి గుర్తు ఉంటుంది. మొదటి నాలుగంకెలు గడియారం, తర్వాతివి రిపోర్టర్ల పొడి అక్షరాలు. అంటే ఆ మాటలు మధ్యాహ్నం 2:35కి అన్నవి. వీడియో 10:55కి మొదలై భోజన విరామం కోయకుండా ఉంటే 3 గంటల 40 నిమిషాల దగ్గర చూడండి. విరామం తర్వాత 2కి మొదలైన భాగం విడిగా పెట్టి ఉంటే దాంట్లో 35 నిమిషాల దాకా వెళ్తే చాలు. మధ్యలో వాయిదాలు పడిన రోజు ఈ లెక్క తప్పుతుంది, వాయిదా సమయం కూడా పాఠంలోనే రాసి ఉంటుంది, తీసేసుకోండి. పాఠంలో నక్షత్ర గుర్తులు కనిపిస్తే అక్కడ ఏదో మాట తొలగించారన్నమాట. లోక్‌సభలో 380వ నిబంధన, రాజ్యసభలో 261వ నిబంధన ఆ అధికారం ఇస్తాయి. ప్రత్యక్ష ప్రసారంలో అప్పటికే వినేసిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు గానీ, దాన్ని మళ్లీ ప్రచురిస్తే చిక్కులొస్తాయి. విలేకరులు, యూట్యూబర్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఈ చానల్‌లో ఎంత వెతికినా దొరకనిది, స్థాయీ సంఘాల విచారణ. అమెరికాలో సీ-స్పాన్ చానల్ పెడితే సాక్షిని వరసగా ఉతికే కమిటీ సమావేశాలు గంటల తరబడి వస్తాయి. ప్రతి సభ్యుడికీ అయిదు నిమిషాలు, సాక్షి నీళ్లు నమలడం కూడా తెర మీదే. మన దగ్గర శాఖల వారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. శాఖ కార్యదర్శిని కూర్చోబెట్టి పైసా పైసాకు లెక్క అడిగేది అక్కడే. అదంతా మూసిన తలుపుల వెనక. సంఘం సమావేశాలు ఆంతరంగికంగా జరగాలన్నది నిబంధన, నివేదిక సభ ముందుకు వచ్చేదాకా సాక్ష్యం బయటపెట్టకూడదు. కెమెరా లేకపోబట్టే అన్ని పార్టీలవాళ్లూ అక్కడ పార్టీ గీతలు దాటి మాట్లాడతారన్నది దీన్ని సమర్థించేవాళ్ల వాదన. కొంతవరకు నిజమే. అయినా ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల సంఘం (పీఏసీ) ముందు అధికారులు ఇచ్చే వాంగ్మూలాన్ని, నివేదిక సమర్పించాకైనా వీడియోగా ఇస్తే నష్టం ఏమిటో అర్థం కాదు. బడ్జెట్ సమావేశాల మధ్య సభలు కొన్ని వారాలు సెలవు తీసుకునేది ఈ సంఘాలు పద్దుల్ని పరిశీలించడానికే. అప్పుడు చానల్ పాత కార్యక్రమాలతో కాలక్షేపం చేస్తుంది. తిరిగొచ్చాక నాలుగైదు శాఖల పద్దుల మీద చర్చ, మిగతావన్నీ గిలెటిన్, అంటే చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటుకు పెట్టేయడం. లక్షల కోట్ల రూపాయలు నిమిషాల్లో మూజువాణి ఓటుతో దాటిపోవడం చూడాలనుకుంటే ఆ సాయంత్రం మాత్రం వదులుకోకండి.

17వ లోక్‌సభ అయిదేళ్లలో కూర్చున్నది 274 రోజులు, సగటున ఏడాదికి 55. మరి మిగతా మూడు వందల పైచిలుకు రోజులు? పర్‌స్పెక్టివ్, ముద్దా ఆప్‌కా లాంటి చర్చా కార్యక్రమాలు. ఇద్దరు ముగ్గురు అతిథులు, ఎక్కువగా మాజీ దౌత్యవేత్తలు, విశ్రాంత అధికారులు, ప్రొఫెసర్లు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు. సివిల్స్‌కు చదివేవాళ్లు నోట్సు రాసుకోవడానికి బాగుంటాయి. అయితే విదేశాంగం, శాస్త్ర సాంకేతికం మీద ఉన్నంత పదును ప్రభుత్వ పథకాల మీద చర్చల్లో ఉండదు. ఆ పథకం ఎక్కడ తప్పిందో అడగాల్సిన చోట ప్రయోజనాలు ఏమిటని అడుగుతారు. ఆ అంశాలకు సగం నిడివి చాలు.

భాష మరో గోడ. లోక్‌సభలో తెలుగు సహా అనేక భాషల్లో తక్షణ అనువాద సౌకర్యం ఉంది, రాజ్యసభలో 2018 నుంచి ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ మాట్లాడొచ్చు. చానల్ సొంత కార్యక్రమాలు మాత్రం హిందీ, ఇంగ్లిష్ చుట్టూనే తిరుగుతాయి. తెలుగులో వారానికి అరగంట సభా విశేషాలు ఇచ్చినా ఎంతోమంది చూస్తారు.

మార్కులు వేయాలంటే, రికార్డుగా అయిదుకు నాలుగు, మార్గదర్శిగా ఒకటిన్నర.

పెద్దగా ఎవరూ పట్టించుకోని స్లాటు ఒకటుంది, శుక్రవారం మధ్యాహ్నం. ప్రైవేటు మెంబర్ల, అంటే మంత్రులు కాని సభ్యుల బిల్లులు, తీర్మానాలకు రెండున్నర గంటలు కేటాయిస్తారు, రాజ్యసభలో 2:30 నుంచి, లోక్‌సభలో 3:30 నుంచి. ఇప్పటిదాకా చట్టాలైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, ఆఖరిది 1970లో. గెలుపోటముల బెంగ లేదు కాబట్టి సభ్యులు సొంతంగా చదువుకొచ్చి మాట్లాడేది ఎక్కువగా ఈ సమయంలోనే. డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల బిల్లును రాజ్యసభ 2015 ఏప్రిల్ 24న ఆమోదించింది, అది కూడా శుక్రవారమే. ఒక్క ఇబ్బంది, వారాంతం కావడంతో సభ్యులు ఊళ్లకు బయల్దేరి ఉంటారు. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, లోక్‌సభలో 55, రాజ్యసభలో 25. తల లెక్కపెట్టమని ఎవరైనా లేచి అడిగారంటే గంట మోగుతుంది, జనం చాలకపోతే సభ వాయిదా. కాబట్టి ఆరు దాకా వస్తుందని నమ్ముకోకుండా మొదటి గంటలోనే చూసేయండి.