తప్పించుకున్నాకే అసలు టెన్షన్: ‘రూమ్’ నవల

ఎమ్మా డొనహ్యూ రాసిన ‘రూమ్’ 2010లో వచ్చింది, ఆ ఏడాదే బుకర్ ప్రైజ్ తుది జాబితాలోకి ఎక్కింది. సస్పెన్స్ ఇష్టపడే మన ఒడిశా తెలుగువాళ్లకి, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్లకి గట్టిగా చెప్తున్నాను, తప్పకుండా చదవండి. ఇంగ్లీషు నవల కదా అని వెనక్కి తగ్గకండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషంటే కాస్త జంకు, మనలో చాలామంది అలా పెరిగినవాళ్లమే. ఈ కథంతా చెప్పేది జాక్ అనే అయిదేళ్ల పిల్లాడు, వాడికి వచ్చిన చిన్న చిన్న మాటల్లోనే చెప్తాడు, అందుకని సాఫీగా సాగిపోతుంది.

వాళ్లమ్మని 19 ఏళ్ల వయసులో ఒక దుర్మార్గుడు ఎత్తుకుపోయి తన పెరట్లో షెడ్డులో పెట్టాడు. ఏడేళ్లయింది. అటూ ఇటూ 11 అడుగుల గది, కప్పుకి ఒక్క అద్దం కిటికీ, నంబరు నొక్కితే తప్ప తెరుచుకోని తలుపు. జాక్ పుట్టింది అక్కడే, వాడికి లోకం అంటే అదే. రాత్రి ఆ మనిషి వచ్చే వేళకి తల్లి వాణ్ని అల్మరాలో పడుకోబెడుతుంది, చీకట్లో వాడు మంచం కిర్రుమనే చప్పుళ్లు లెక్కపెడుతూ ఉంటాడు. రచయిత్రి అంతకుమించి ఒక్క ముక్క చూపించదు. ఆ లెక్క చదువుతుంటేనే కడుపులో దేవినట్టయింది నాకు.

ఇక్కడి నుంచి కథ కొంత చెప్పక తప్పదు, తెలియకూడదు అనుకునేవాళ్లు చివరి పేరాకి వెళ్లిపోండి.

తప్పించుకోవడానికి తల్లి ఒక పథకం వేస్తుంది. పిల్లాడు చచ్చిపోయినట్టు నటించాలి, వాణ్ని తివాచీలో చుట్టి ఇస్తే ఆ మనిషి ట్రక్కులో వేసుకుని బయటికి తీసుకెళ్లాలి, దారిలో వాడు మెలికలు తిరిగి బయటపడి దూకి పరుగెత్తాలి. ఏది తర్వాత ఏదో తల్లి వాడిచేత మళ్లీ మళ్లీ వల్లె వేయిస్తుంది. ఆ పేజీలు ఊపిరి బిగపట్టి చదివాను. మామూలు సస్పెన్స్ నవల అయితే పోలీసులు వచ్చి శుభం కార్డు పడేది అక్కడే. ఇందులో అయిదు భాగాలుంటే ఆ ఘట్టం మూడో భాగంలోనే అయిపోతుంది, నాకు ఈ నవల అంత నచ్చడానికి కారణం ఇదే. బయటపడ్డారు సరే, ఇప్పుడు బతకడం ఎలా?

జాక్‌కి మెట్లు దిగడం రాదు. దూరం తెలియక వస్తువులకి గుద్దుకుంటాడు. గాలి తగిలినా, ఎండ పడినా, కొత్త మనిషి కనబడినా భయం. తల్లికి నరకమైన ఆ గదే వాడికి ఇల్లు, అక్కడికి వెళ్లిపోదాం అంటాడు. ఊడిపోయిన వాళ్లమ్మ పుచ్చిపన్ను ఒకటి దగ్గరే దాచుకుని, భయమేసినప్పుడు నోట్లో పెట్టుకుంటాడు. ఇక ఆ టీవీ ఇంటర్వ్యూ! బిడ్డని ఏ ఆసుపత్రి దగ్గరైనా వదిలిపెట్టమని ఆ దుర్మార్గుణ్ని అడగాలని నీకు తోచలేదా అంటుంది ఇంటర్వ్యూ చేసే ఆవిడ. ఏడేళ్ల చెరలో విరగని మనిషి, తీరిగ్గా కూర్చుని అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి విరిగిపోతుంది, ఆ తర్వాతే మాత్రలు మింగేస్తుంది. ఆవిడ తండ్రి అయితే మనవడి ముఖం కూడా చూడలేకపోతాడు. పారిపోయే ఘట్టం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టినవి ఈ పేజీలే.

చదువుతున్నంతసేపూ మన రైల్వే స్టేషనే గుర్తొచ్చింది. బలంగీర్, నువాపడ వైపు నుంచి అడ్వాన్సు పుచ్చుకుని, పిల్లాజెల్లాతో తెలంగాణ ఇటుక బట్టీలకి వెళ్లే దాదన్ కూలీలని మనం చూడలేదా? షెడ్డులో బంధించడం, బట్టీలో అప్పు కింద ఆపేయడం ఒకటి కావు, తెలుసు. కానీ కూలీల్ని విడిపించారు అని పేపర్లో ఫోటో పడగానే అయిపోయిందనుకుంటాం. వెట్టి రద్దు చట్టం 1976 నాటిది. 2016 కేంద్ర పథకం ప్రకారం విడుదలైన మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు ఇవ్వాలి. అయితే పూర్తి సొమ్ముకి నేరం రుజువు కావాలనే ముడి ఉంది, ముందు చేతికొచ్చేది తక్షణ సాయమే. కేసు తేలేదాకా ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఏ ఫోటోలోనూ కనపడదు. ఈ నవల సరిగ్గా ఆ రోజుల గురించే రాసింది.

లోపాలు లేవని అనను. బయటికొచ్చాక మనుషులు ఎక్కువైపోయి నాలుగో భాగం అక్కడక్కడా నత్తనడక నడుస్తుంది. జాక్ కొన్నిచోట్ల వయసుకి మించి ఆలోచిస్తాడు. 2008లో ఆస్ట్రియాలో కన్నకూతుర్నే 24 ఏళ్లు నేలమాళిగలో పెట్టిన తండ్రి ఉదంతం బయటపడ్డాక ఈ ఆలోచన వచ్చిందని రచయిత్రే చెప్పింది, కానీ ఆ కేసుని కెలికి అమ్ముకోలేదు, అది మెచ్చుకోవాలి. 2015లో వచ్చిన సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా ఆవిడదే, తల్లిగా చేసిన బ్రీ లార్సన్‌కి ఆస్కార్ వచ్చింది. సినిమా చూసేసినవాళ్లు కూడా నవల చదవండి. తెర మీద తల్లి ముఖం మనకి కనబడుతుంది, నవల్లో జాక్‌కి అర్థమైనంతే తెలుస్తుంది, మిగతాది మనమే పోల్చుకోవాలి, ఆ టెన్షనే వేరు. పసిపిల్లలున్న తల్లులు మాత్రం రాత్రిపూట మొదలుపెట్టకండి, ఆ ట్రక్కు ఘట్టం దగ్గర పుస్తకం మూయడం ఎవరి తరమూ కాదు.