బీఎఫ్ఏలో పెయింటింగా, అప్లైడ్ ఆర్టా?

ఇంటర్ అయ్యాక హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, చేద్దామనుకునే పిల్లలకు వచ్చే పెద్ద డౌటు ఇది. రెండూ నాలుగేళ్లే, రెండింటికీ బొమ్మ గీసే చెయ్యి కావాల్సిందే.

అప్లైడ్ ఆర్ట్‌లో అక్షరాలు, లోగోలు, పోస్టర్లు, ప్యాకేజింగ్, ఇలస్ట్రేషన్ నేర్పుతారు. పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల ఫైల్) బాగుంటే యాడ్ ఏజెన్సీలు, పత్రికలు, డిజైన్ స్టూడియోల్లో ఉద్యోగం దొరుకుతుంది, నెలనెలా జీతం. కాకపోతే బొమ్మ మీది, ఆఖరి మాట క్లయింట్‌ది.

పెయింటింగ్ దారి వేరు. లైఫ్ స్టడీ (ఎదురుగా మోడల్‌ను చూసి గీయడం), ఆయిల్ పెయింటింగ్, కంపోజిషన్ (బొమ్మలో దేన్ని ఎక్కడ పెట్టాలన్న కూర్పు)తో ఏళ్లు గడుస్తాయి. డిగ్రీతోనే పని పూర్తికాదు. చాలామంది బరోడా, శాంతినికేతన్, లేదా ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ) చేస్తారు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కూడా హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి మ్యూరల్ (గోడ చిత్రాలు), ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు, ఎచింగ్‌లతోనే (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తెప్పించి తీసే ప్రింట్లు) పేరొచ్చింది. ఒక కాన్వాస్ అమ్ముడైనా అందులో గ్యాలరీ కమీషన్ పోతుంది, చాలాచోట్ల మూడో వంతు పైనే. అందుకే చాలామంది పక్కన టీచింగ్ పెట్టుకుంటారు.

ఇంట్లో డబ్బు టెన్షన్ ఉంటే నా ఓటు అప్లైడ్‌కే. పెయింటింగ్ సాయంత్రాలు కూడా వేసుకోవచ్చు, టైపోగ్రఫీ (అక్షరాల డిజైన్) మాత్రం ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. మార్కెట్ రాకపోయినా పదేళ్లు గీస్తానన్న మొండితనం ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికిరాదు.