హవాలా వాళ్లకు ఇంట్లోవాళ్ల ఖాతా నంబరు ఇవ్వకండి

దుబాయ్, షార్జాల్లో పనిచేసే అన్నలూ తమ్ముళ్లూ, ఈ నెల జీతం హవాలాలో పంపే ముందు ఇది చదవండి.

మాది జగిత్యాల దగ్గర ఊరు. ఆరేళ్లుగా దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటున్నాను. మనీ ఎక్స్ఛేంజ్ కన్నా దిర్హంకు 40 పైసలు ఎక్కువ వస్తాయని నేనూ హవాలాలోనే పంపేవాణ్ని. ఇంటి దగ్గర నా భార్య చేతిలో ఉన్న పది రూపాయల నోటు నంబరు ఇక్కడి హవాలా ఏజెంటుకు చెబితే చాలు. సాయంత్రానికి బండి మీద ఒక పిల్లోడు వచ్చి, నంబరు సరిచూసుకుని, ఆ నోటు తీసుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పోయేవాడు. రసీదు అంటే ఆ నోటే.

మొన్న మాత్రం ఆ ఏజెంటు "క్యాష్ దొరకట్లేదు, అకౌంట్ నంబరు ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. 4,000 దిర్హంలకు రావాల్సిన డబ్బు మూడు ముక్కలుగా, ముక్కూమొహం తెలియని ముగ్గురి ఖాతాల నుంచి పడింది. నాలుగో రోజు నా భార్య ఖాతా ఫ్రీజ్ అయింది. ఆ మూడింట్లో ఒకటి వేరే రాష్ట్రంలో ఎవరినో ఆన్‌లైన్‌లో మోసం చేసి లాగిన సొమ్మట. మోసపోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, అక్కడి సైబర్ పోలీసులు ఖాతా ఆపించారు. ఆమె బీడీలు చుట్టిన కూలి కూడా అందులోనే ఇరుక్కుపోయింది. పొద్దస్తమానం వంగి కూర్చుని సంపాదించిన పైసలవి. నాకు అదే ఎక్కువ బాధ.

హవాలాలో మన దిర్హంలు ఇక్కడే ఉండిపోతాయి. అక్కడ ఇంకెవరి దగ్గరో ఉన్న రూపాయలు మన ఇంటికి చేరతాయి. అవి ఎవరి రూపాయలో మనకు తెలిసే దారి లేదు.

"నాకు ఇక్కడ లైసెన్స్ ఉంది" అని చెప్పినా నమ్మకండి. యూఏఈ సెంట్రల్ బ్యాంకులో రిజిస్టర్ చేసుకుని హవాలా నడిపేవాళ్లు ఉన్న మాట నిజమే. కానీ మన దేశంలో 1999 నాటి విదేశీ మారకం చట్టం (ఫెమా) ప్రకారం హవాలా డబ్బు తీసుకోవడం కూడా తప్పే, వచ్చిన డబ్బుకు మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. పైగా ఎక్స్ఛేంజ్‌లో పంపితే చేతిలో రసీదు ఉంటుంది. ఇప్పుడు పోలీసులు అడుగుతున్నది అదే, నా దగ్గర లేనిది అదే.

40 పైసల చొప్పున నాకు మిగిలింది 1,600 రూపాయలు. ఆగిపోయింది 90 వేల పైనే. ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. పోలీసులకు జీతం స్లిప్పులు, వాట్సాప్ మెసేజ్‌లు పంపాను, ఇంకా జవాబు లేదు. ఎవరికైనా ఇలాగే ఆగి, ఖాతా మళ్లీ తెరుచుకుని ఉంటే, ఏ కాగితాలు ఇచ్చారో దయచేసి చెప్పండి.